తాళం నోరు నేలకి

సూది గుచ్చి ఎనిమిది నిమిషాలయింది, యంత్రం మీద ఇంకా యాభై రెండు అని కనిపిస్తోంది, సరిగ్గా అప్పుడు కిటికీలోంచి వాణ్ణి చూసింది. వాడు ఆమె సైకిలు పక్కన బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగాడు. బూటు తాడు కట్టుకోవడానికి ఎవరికీ అంతసేపు పట్టదు, పైగా వాడి కాళ్ళకున్నవి చెప్పులు. కిటికీ రెండో అంతస్తులో ఉంది, కింద ఆసుపత్రి వెనక గోడ, గోడ వెంబడి రేకుల నీడ, ఆ నీడలో వరసగా సైకిళ్ళు, వరస చివర ఇనప స్తంభానికి కట్టేసిన మట్టిరంగుది ఆమెది. లేచి అద్దం మీద దబదబా బాదుదామంటే లేవడానికి లేదు. వాలుకుర్చీలో పడుకోబెట్టి కుడి మోచేతి మడతలో సూది దించారు, యంత్రం గుటకలు వేస్తున్నట్టు చప్పుడు చేస్తూ ఒంట్లోంచి రక్తం లాగి, అందులో ప్లేట్‌లెట్లు మాత్రం తన దగ్గర పెట్టుకుని, మిగతాది మళ్ళీ అదే దారిన వెనక్కి పంపిస్తోంది. నర్సు ముందే ఖచ్చితంగా చెప్పింది. "అక్కా, ఈ చెయ్యి కదిపావో సూది తప్పుతుంది. తప్పితే ఇవాళ్టికి ఇంక కుదరదు. పైన నాలుగో అంతస్తులో టీచరమ్మకి మధ్యాహ్నంలోపు ఎక్కించాలి, ఇంకొకళ్ళని వెతికి రప్పించేసరికి సాయంత్రం అవుతుంది." ఆ టీచరమ్మ ఎవరో ఆమెకి తెలియదు, ముఖం కూడా చూడలేదు, చూసింది వాళ్ళక్కని, అదీ లోపలికొస్తూ, ఇప్పుడు చూస్తున్నది ఆ అక్క పాదాలని, తలుపు కింద సందులోంచి, బెంచీ ముందు రెండు పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, కాసేపటికి కింది పాదం పైకీ పైపాదం కిందికీ మారుస్తూ.

అరవాలనిపించలేదు. నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది. ఒరే నాయనా, ఇన్ని సైకిళ్ళుండగా పోయి పోయి దీని దగ్గరికే వచ్చావా, పక్కన ఆకుపచ్చది చూడు, దాని తాళం ముందు చక్రానికి మాత్రమే వేసి ఉంది, రెండు బిగింపులు విప్పితే మిగతా సైకిలంతా భుజాన వేసుకుని పోవచ్చు, దాని పక్కది ఇంకా మేలు, వంటింటి అలమరకి పెట్టుకునే తాళం, తుమ్మితే ఊడుతుంది. ఇది ఎవరిదనుకున్నావు, మీటరమ్మది. పంతొమ్మిదేళ్ళుగా నీళ్ళ మీటర్లు చూస్తూ తిరుగుతోంది, గేటు గేటుకీ దిగడం, తాళం వెయ్యడం, మూత తీసి వంగి అంకె చూసుకోవడం, మళ్ళీ తాళం తియ్యడం, రోజుకి నలభైసార్లకి తక్కువ కాదు, ఆ వీధుల్లో పిల్లలు కూడా ఆమె అసలు పేరు ఎరగరు, మీటరమ్మ వచ్చిందంటే కుక్కని కట్టేస్తారు. సాయంత్రం ఇంటికెళితే నాన్న కొట్టు ముందు స్టూలు మీద కూర్చునుంటాడు, డెబ్భై ఎనిమిదేళ్ళు, ఇప్పుడు పంక్చర్లు తప్ప ఇంకే పనీ పట్టుకోడు, అయినా అడిగేది మాత్రం మానడు. ఇవాళ ఎన్ని తాళాలే? నలభై నాన్నా. దొంగలు? సున్నా. అంతే, అంతకంటే వాళ్ళిద్దరి మధ్యా ముద్దూ మురిపెం అని వేరే ఏమీ లేవు, ఆ సున్నా విన్నాకే ఆయన లేచి కొట్టు తలుపు దించుతాడు.

యాభై. కింద వాడు లేచి నిలబడ్డాడు, అటూ ఇటూ చూశాడు, సైకిలు హ్యాండిల్ పట్టుకుని తనదైనట్టు ఊపాడు. ఊపు బాబూ ఊపు, స్తంభం కదులుతుందేమో చూస్తున్నావు కదూ, నేను పొద్దునే చూశాను, తాళం వెయ్యకముందే స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని పైకి లాగి చూడాలి, సగం స్తంభాలు గుంటలో ఊరికే నిలబడి ఉంటాయి, సైకిలు ఎంత బిగించి కట్టినా స్తంభంతో సహా ఎత్తేస్తారు. ఇది నాన్న చెప్పింది కాదు, చూపించింది, ఆమెకి పదమూడేళ్ళప్పుడు, గ్రంథాలయం ముందు ఆమె మొదటి సైకిలు పోయిన రోజున. పోవడమంటే పూర్తిగా పోలేదు, ముందు చక్రం మిగిలింది, తాళం వేసింది చక్రానికి గనక దొంగ ఆ చక్రాన్నీ తాళాన్నీ మర్యాదగా వదిలేసి తక్కినదంతా పట్టుకెళ్ళాడు. ఏడుస్తూ కొట్టుకి పరిగెత్తింది. నాన్న కోప్పడలేదు. వచ్చి, తాళం తీసి, ఆ చక్రాన్ని ఆమె భుజానికి తగిలించి, పద తల్లీ అన్నాడు, బజారు మధ్యలోంచి, అందరూ చూస్తుండగా, భుజాన ఒంటి చక్రంతో ఆడపిల్ల, పండ్లబండి ఆయన ఎక్కడమ్మా మిగతా సైకిలు అని అడిగాడు, నాన్న ఆగి, వెనకాలే వస్తోంది అన్నాడు. వెనకాలే వచ్చింది కూడా, పధ్నాలుగు నెలలు పట్టింది అంతే. ఆ చక్రం చుట్టూ నాన్న తన చేతుల్తో గొట్టాలు కోసి, అతికి, ఆకురాయితో రుద్ది ఫ్రేము కట్టాడు, అంత నాజూకుగా అతికాడు, ఒక గొట్టం ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలయిందో గోరుతో గీరినా తెలియదు, ఆ తరవాత దాని మీద కావాలని గోడకి వేసే మట్టిరంగు పూశాడు. ఎందుకు నాన్నా పాడు చేశావు అంటే, అందం మనకి తెలిస్తే చాలు, వీధికెందుకు అన్నాడు. చక్రం ఊచలు మూడుసార్లు మార్చారు, రిమ్ము రెండుసార్లు, కానీ మధ్య ఇరుసు గిన్నె ఆనాటిదే, గ్రంథాలయం ముందు మిగిలిపోయినదే. బెల్లు మాత్రం నిలవలేదు, హ్యాండిల్ మీద పెట్టిన బెల్లు మూడుసార్లు పోయింది, నాలుగోసారి నాన్న దాన్ని తీసుకెళ్ళి సీటు కింద బిగించాడు, చెయ్యి వెనక్కి పెట్టి బొటనవేలితో కొడితే వీధంతా ఉలిక్కిపడుతుంది, ఎక్కణ్ణించి మోగిందో ఎవరికీ అంతుపట్టదు.

నలభై నాలుగు. వాడు ఇప్పుడు చేస్తున్న పని చూసి ఆమె నవ్వు కొంచెం ఆగింది. వాడు తాళం వంక చూడడం లేదు. సీటు గొట్టం పైగొట్టంతో కలిసే చోట, మట్టిరంగు పెచ్చు లేచిన చోట, అరచేయి పెట్టి నిమిరాడు, మెల్లగా, అతుకు కోసం వెతుకుతున్నట్టు, దొరక్క మళ్ళీ వెనక్కి నిమిరాడు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క మనిషి కూడా, ఆఫీసులో వాళ్ళు గానీ బజారులో వాళ్ళు గానీ, ఆ సైకిలు మీద అలా చెయ్యి వెయ్యలేదు. అదా సంగతి. పని తెలిసినవాడివన్నమాట. ఛాతీలో ఏదో వెచ్చగా పొంగింది, దొంగని చూసి పొంగడమేమిటని తననే తిట్టుకుంది, అయినా పొంగింది. వాడు సంచీలోంచి చిన్న జాకీ తీశాడు, అరచేతిలో పట్టేది, తాళం సందులో పెట్టి మర తిప్పితే ఎంత ఉక్కు కమ్మయినా విడిపోతుంది. పెట్టు చూద్దాం. లాడం ఆకారపు ఉక్కు తాళం అది, వెనక చక్రం, ఫ్రేము, స్తంభం మూడింటినీ కలిపి నొక్కి పట్టేలా వేసింది, మధ్యలో సందు లేదు, వేలు దూరితే జాకీ దూరుతుంది అనేవాడు నాన్న, తాళం వేశాక ఆమె చిటికెనవేలు దూర్చి చూసేవాడు, దూరితే మళ్ళీ తీయించేవాడు, అలా ఒక మధ్యాహ్నం పదిహేడుసార్లు తీయించాడు. వాడు జాకీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, అడ్డంగా, నిలువుగా. ఊహూఁ. పప్పులుడకవు బాబూ. ముందు చక్రానికి చుట్టి తాళం వేసిన గొలుసు మీద కత్తెరలాంటిదేదో వేసి రెండు చేతులా నొక్కాడు, మెడ నరాలు ఇక్కడికి కనపడుతున్నాయి, గొలుసు చలించలేదు. ఆమె కుర్చీలో దర్జాగా కాళ్ళు చాపుకుంది. ఎవరైనా పక్కనుంటే చూపించాలనిపించింది, చూడండి, మా నాన్న నేర్పిన తాళం, ఎదురుగా నిలబడ్డ దొంగ, ఇంతకంటే పెద్ద పరీక్ష ఏ బళ్ళో పెడతారు? నర్సుకి చెప్పాలా? ఎందుకు, వాణ్ణి చెయ్యనీ, చేతులు నొప్పెట్టేదాకా చెయ్యనీ, ఓడిపోయి వెళ్ళేప్పుడు వాడి వీపు చూడాలి.

ఆ దర్జాలోనే ఎడమచెయ్యి ఊరికే కుడివైపు జేబు మీదికి వెళ్ళింది, తాళంచెవిని తడుముకోవడం అలవాటు, అన్నం తింటూ కూడా తడుముకుంటుంది. జేబు మెత్తగా ఉంది. మళ్ళీ నొక్కింది. మెత్తగానే ఉంది. ఎడమ జేబు. చేతిరుమాలు, పెన్ను మూత. మీటర్ల పుస్తకం సంచీ కుర్చీకి తగిలించి ఉంది, అందులో ఎప్పుడూ వెయ్యదు, అయినా చెయ్యి పెట్టి కెలికింది, లేదు. గుండె గుభేలుమంది. యంత్రం ఒక్కసారి కీచుమని అరిచింది, నర్సు తల తిప్పి "అక్కా, కదలకూ" అంది. కదలడం లేదమ్మా, కదలడం లేదు, కదులుతోంది లోపలున్నది. పొద్దున ఏం చేశాను? స్తంభం లాగాను, గుర్తుంది. తాళం వేశాను. వేశానా? ముందు గొలుసు, తరవాత తాళం, తిప్పాను, అవును, టక్కుమని పడింది, ఆ టక్కు చెవిలో ఉంది, కానీ ఆ టక్కు ఇవాళ్టిదా నిన్నటిదా, నలభై గేట్ల టక్కులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, చెయ్యి చేసే పని మనసుకి చెప్పదు, పంతొమ్మిదేళ్ళుగా చెప్పడం మానేసింది. గుర్తు తెచ్చుకో. తాళం పడింది. ఫోను మోగింది. అదిగో, ఫోను. ఈ నర్సే చేసింది, అక్కా ఎక్కడున్నారు, టీచరమ్మకి పరిస్థితేం బాగోలేదు త్వరగా రండి అని. కుడిచేత్తో ఫోను తీసింది. కుడిచేత్తో! తాళంచెవి పట్టుకుని ఉండాల్సిన చేత్తో. వచ్చేశానమ్మా కిందే ఉన్నాను అంటూ అలాగే మెట్లెక్కేసింది. తాళంచెవి తాళంలోనే ఉంది.

తాళంచెవి తాళంలోనే ఉంది, వాడు దాని ముందే కూర్చుని జాకీ తిప్పుతున్నాడు. చెమట పట్టింది, చెవుల వెనక, చల్లగా. ఎందుకు చూడలేదింకా? ఎందుకంటే తాళం నోరు నేలకి ఉంది. నాన్న ఆఖరి పాఠం, తాళం వేసేటప్పుడు నోరు ఎప్పుడూ నేలకి చూడాలి, ఆకాశానికి చూస్తే వానపడి తుప్పు పడుతుంది, మనిషికి చూస్తే పుల్ల దూరుతుంది, నేలకి చూస్తే దొంగ పడుకుంటే తప్ప చేతకాదు, వీధిలో ఏ దొంగా పడుకోడు. దాని మీద పాత ట్యూబు ముక్క కోసి తొడుగు కుట్టించాడు, నాలికలాగా వేలాడుతూ నోటిని కప్పేస్తుంది. తాళంచెవికి గుత్తి లేదు, గొలుసు లేదు, మెరిసేదేదీ లేదు, గుత్తి చప్పుడు చేస్తే జేబు చిరునామా చెప్పినట్టే అని నాన్న తీయించేశాడు. నల్ల తల ఉన్న ఒంటి చెవి, నల్ల రబ్బరు నాలిక వెనకాల, నీడలో. జానెడు దూరం. వాడు మోకాలు నేలకి ఆనించి తల కాస్త వాలిస్తే చాలు. తను లేచి మెట్లు దిగితే నిమిషమున్నర, సూది పీకెయ్యడం ఒక్క క్షణం. యంత్రం ముప్పై తొమ్మిది. నాన్న పధ్నాలుగు నెలలు. గ్రంథాలయం ముందు చక్రం. మళ్ళీ ఇంకో ఫ్రేము కట్టమంటే ఆ చేతులు కట్టలేవు, ఇప్పుడు స్క్రూ తిప్పితేనే వణుకుతున్నాయి. ఎడమచెయ్యి సూది వైపు కొంచెం జరిగింది, తనే చూసింది జరగడం, వేరేవాళ్ళ చేతిని చూసినట్టు. తలుపు సందులో పాదాలు స్థానం మారాయి, కిందిది పైకి, పైది కిందికి. బయట ఆడగొంతు మెల్లగా అడిగింది, "ఇంకా ఎంతసేపండీ?" ఎవరో చెప్పారు, ఇంకొంచెంసేపని. ఆమె ఎడమచేతిని తీసి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

"సిస్టర్. కింద నా సైకిలు దగ్గర దొంగ ఉన్నాడు. వాచ్‌మన్‌కి ఫోను చేస్తావా?"

నర్సు కిటికీ దగ్గరికి పరిగెత్తి చూసింది, ఫోను తీసింది, బాబాయ్ వెనక సైకిళ్ళ దగ్గర ఎవడో ఉన్నాడు చూడు అంది, మూడు నిమిషాలకి బాబాయ్ గోడ మలుపు తిరిగాడు, టోపీ సర్దుకుంటూ, బద్ధకంగా. హమ్మయ్య. వాడు పారిపోలేదు. లేచి నిలబడి రెండు చేతులూ చూపించి ఏదో చెప్పాడు, నుదురు కొట్టుకున్నాడు, జేబులు బయటికి లాగి ఖాళీగా చూపించాడు. బాబాయ్ తల ఊపాడు. భుజం తట్టాడు. తట్టడమేమిటి? తరవాత బాబాయ్ లాఠీతో నేల మీద ఆకులు కెలకడం మొదలుపెట్టాడు, సైకిళ్ళ కిందా గోడ వారనా, వాడూ కలిసి వెతుకుతున్నాడు. వాచ్‌మనూ దొంగా కలిసి తాళంచెవి కోసం వెతుకుతున్నారు! దొరక్కూడదు అని మొక్కుకోవలసిన వస్తువు తనదే. బాబాయ్ ఆమె సైకిలు దగ్గరకొచ్చాడు, మోకాళ్ళు పట్టుకుని కష్టంగా గొంతుక్కూర్చున్నాడు, అయ్యో కూర్చోకు బాబాయ్, నీకు మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి, లే, తాళం పట్టుకుని చూశాడు, చెయ్యి కిందికి పోనిచ్చాడు, రబ్బరు నాలిక మీదికి. "సిస్టర్, మళ్ళీ చెయ్యి, ఇప్పుడే, ఇప్పుడే!" కింద బాబాయ్ చెయ్యి వెనక్కి తీసి జేబులోంచి ఫోను తీశాడు. నర్సు స్పీకరు పెట్టింది.

"బాబాయ్, ఆ సైకిలు అక్కది. అక్క ఇక్కడ నా ముందే పడుకుని ఉంది."

"వీడూ తనదే అంటున్నాడమ్మా. తాళంచెవి పోయిందట పాపం, తెగ కంగారు పడుతున్నాడు. పైనుంచి చూస్తే అన్ని సైకిళ్ళూ ఒక్కలాగే ఉంటాయి, మీరు పొరబడి ఉంటారు."

"మేం పొరబడటమేంటి బాబాయ్!"

"నేనెవర్ని నమ్మనమ్మా మరి?"

ఆమె మెడ మాత్రం ఫోను వైపు తిప్పింది, చెయ్యి తిప్పలేదు. "బాబాయ్, నేనే మాట్లాడుతున్నా. వాణ్ణి ఒక్కసారి బెల్లు కొట్టమనండి. అంతే. తన సైకిలైతే తన బెల్లెక్కడుందో తెలుస్తుందిగా."

కింద బాబాయ్ వాడితో ఆ మాట అన్నాడు. వాడు నవ్వాడు, ఇంతేనా అన్నట్టు, చెయ్యి హ్యాండిల్ మీదికి వెళ్ళింది, కుడివైపు, ఎడమవైపు, మధ్యలో, పైగొట్టం మీద. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, ఎక్కడ దించాలో తెలియక. ఏదో అన్నాడు. "బెల్లు కూడా ఎవరో కొట్టేశారంటున్నాడమ్మా" అని స్పీకర్లో బాబాయ్ గొంతు. "సీటు కింద చెయ్యి పెట్టండి బాబాయ్, వెనకనించి, బొటనవేలు." అద్దంలోంచి ఏమీ వినపడలేదు, వినపడింది ఫోన్లోంచి, ట్రింగ్‌మని ఒక్కటే దెబ్బ, గదంతా నిండిపోయింది, నర్సు ఉలిక్కిపడింది, తలుపు సందులో పాదాలు కూడా. నాన్న బెల్లు. వాడు అప్పటికే మూడు అడుగులు వెనక్కి వేశాడు, నాలుగోది పరుగు. బాబాయ్ ఒక చేత్తో టోపీ, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని పది గజాలు తరిమి ఆగిపోయాడు. ఆమె అనుకున్నట్టే వాడి వీపు చూసింది, చెమటతో చొక్కా అంటుకుపోయి, జాకీ కూడా వదిలేసి. ఇరవై ఆరు. ఈ ఇరవై ఆరూ ఆమె కళ్ళు మూసుకోలేదు, ఆ సైకిలు మీదినించి చూపు తిప్పలేదు. చివర్న నర్సు సంచీ విప్పి వెలుతురుకి ఎత్తింది, పలచటి తేనె రంగులో ఉంది, నా దగ్గర ఇంత మంచి రంగు వస్తువు ఉందా అనుకుంది. తలుపు తెరుచుకున్నాక ఆ పాదాల మనిషి లేచి, ఆమె వంక చూసి, దణ్ణం పెట్టబోయి, సంచీ వెనకాలే లిఫ్టు వైపు పరిగెత్తింది. పరిగెత్తమ్మా, అదీ సరైన సమాధానమే.

కింద బాబాయ్ సైకిలు పక్కన సైన్యంలోలాగా నిలబడి ఉన్నాడు. "ఏం తాళమమ్మా అది! అరగంట కుస్తీ పట్టాడు, గీత పడింది తప్ప గాలి కూడా దూరలేదు" అన్నాడు, తనే వేసినట్టు. తరవాత కొంచెం మొహమాటంగా, "తాళంచెవి నీ దగ్గరుందిగా?" "ఉండకేం బాబాయ్. కాస్త మంచినీళ్ళు తెచ్చిపెడతారా, కళ్ళు తిరుగుతున్నాయి." ఆయన అటు తిరిగాక కూర్చుని రబ్బరు నాలిక కింద వేలు పెట్టింది. ఉంది. చల్లగా, బుద్ధిగా, పొద్దున వదిలేసినట్టే. ఉక్కు మీద నాలుగు కొత్త గీతలు, వాటిని కట్టు ఉన్న చేత్తోనే నిమిరింది, పతకం నిమిరినట్టు. తాళం తీసింది, నీళ్ళు తాగింది, జాకీ నాన్నకి పనికొస్తుందేమో అనుకుని, మళ్ళీ వద్దనుకుని బాబాయ్ దగ్గరే వదిలేసి, ఎక్కింది.

వీధి మలుపు దాకా ఒకటే ఆలోచన, సాయంత్రం చెప్పాలా వద్దా. దాచేస్తే పోయె, నలభై, సున్నా, తలుపు దించేస్తాడు. కానీ అబద్ధం తాళంలాగా పడదు తన నోట్లో, అందుకే చెప్పేస్తుంది, ఎలా జరుగుతుందో కూడా తెలుసు, ఈ మిగిలిన పూటలో ఇరవై రెండు గేట్లకి మించి కావు. ఇవాళ ఎన్ని తాళాలే? ఇరవై రెండున్నర. అర ఏంటే? చెప్తుంది. ఆయన ముఖం గంటు పెట్టుకుంటాడు, తాళంచెవిని తాళానికిచ్చి వచ్చావా, పంతొమ్మిదేళ్ళూ గంగలో కలిపావు కదే అంటాడు. నోరెటు పెట్టావు? నేలకి. ఊఁ అంటాడు. దొంగలు? ఒకడు నాన్నా, ఓడిపోయాడు. ఎక్కడ మొదలుపెట్టాడు, తాళమా, గొలుసా? రెండూ కాదు నాన్నా, ముందు సీటు గొట్టం మీద చెయ్యి వేశాడు, అతుకు కోసం రెండుసార్లు నిమిరాడు, దొరకలేదు. అప్పుడు నాన్న వణుకుతున్న చేతుల్ని పాత గుడ్డతో తుడుచుకుంటాడు, మురికేమీ లేకపోయినా, చాలాసేపు, తలెత్తకుండా. తరవాత స్టూలు మీంచి లేచి, తలుపు దించుతూ, వీధిలో వాళ్ళక్కూడా వినపడేలా, పని తెలిసినవాడే అంటాడు.

ఆమె చెయ్యి సీటు వెనక్కి పెట్టి, ఎదురుగా ఎవరూ లేకపోయినా, బొటనవేలితో గట్టిగా ఒక్కటి కొట్టింది.